స్పానిష్ టీచర్ మీ పాప, వెనక బెంచీ మీది

పిల్లలకు స్పానిష్ నేర్పాలంటే మీకు ముందే వచ్చి ఉండక్కర్లేదు. ఒక్క పాఠం ముందుంటే చాలు. ఆట మొదలయ్యాక మాత్రం మీరే వెనకబడాలి.

మొదట పది మాటలు ఎంచుకోండి, మించొద్దు. వైజాగ్ పిల్లలకు రోజూ కంటబడేవే బాగుంటాయి: మార్ సముద్రం, బార్కో ఓడ, త్రెన్ రైలు. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూసొచ్చిన పిల్లాడికి సుబ్మరీనో అంటే ఏమిటో చెప్పే పనే లేదు.

ఈ మాటలను స్పానిష్ మాట్లాడేవాళ్ల గొంతులోనే ఇద్దరూ ఫోన్‌లో వినండి. తర్వాత తెలుగులో రాసుకోండి. ఇంగ్లీషు అక్షరాలు చూస్తే నోట్లోకి 'ట' వస్తుంది, అక్కడ పలికేది మన 'త': తొమాతె. స్పెయిన్‌లో చాలాచోట్ల ఐదును థింకో అంటారు, లాటిన్ అమెరికాలో సింకో. ఏదో ఒక పలుకుకే కట్టుబడండి.

ఇక టీచర్ మాటలు. ఇవి లేకపోతే ఆట తెలుగులోకి జారిపోతుంది. 'ఓత్రా బేస్' అంటే మళ్లీ చెప్పు, 'ముయ్ బ్యెన్' అంటే శభాష్.

పాపకు కుర్చీ, సుద్దముక్క ఇచ్చి మీరు చాప మీద కూర్చోండి. ఓడ బొమ్మ చూపిస్తే 'త్రెన్' అనండి. తప్పు అర్థంలోనే చేయండి, పలకడంలో వద్దు. వంకర పలుకు పాప చెవిలో ఉండిపోతుంది. పాపకు గట్టిగా వచ్చిన మాట దగ్గరే తప్పు చేయండి, లేకపోతే దిద్దేవాళ్లుండరు. అతిగా నటించారో, పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

పిల్లలనే టీచర్లను చేయడం కొత్తేం కాదు. జర్మనీలో ఫ్రెంచ్ బోధించిన జాన్ పోల్ మార్తాన్ 1980లలో పాఠం చెప్పే పనినే విద్యార్థుల చేతికిచ్చారు. చెప్పాలంటే ముందు తాము అర్థం చేసుకోవాలిగా!

అంకెలకు బస్సాట మేలు. ఊనో, దోస్, త్రేస్ వచ్చాక పిల్లాడే కండక్టర్. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఎక్కి ఎన్‌ఏడీ, గాజువాక మీదుగా కూర్మన్నపాలెం. 'త్రేస్, పోర్ ఫబోర్' (దయచేసి మూడు) అని రెండు వేళ్లు చూపండి. దిద్దాకే టికెట్టు. 'గ్రాసియాస్' (థ్యాంక్స్) అనకుండా దిగబోతే బస్సాపి నిలదీయనివ్వండి. ఆ అధికారం కోసమే వాళ్లు ఆడతారు.

ఎల్ బార్కో, లా కాసా (ఇల్లు) అని ముందున్న ఎల్, లా లను మాటతో కలిపే చెప్పించండి. వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు.

పది నిమిషాలు చాలు, ఇంకా ఆడదామంటుండగానే ఆపేయండి. ఊరి నుంచి అమ్మమ్మ వస్తే కొత్త స్టూడెంట్ దొరికినట్టే. ఆవిడ కోసం పాప పాత మాటలన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పుకురావాల్సిందే.