పెంపుడు జెర్బిల్‌లకు పరుపు, కొరుకుడు పదార్థాల ఎంపిక

మంగోలియా, ఉత్తర చైనాల పొడి మైదానాలకు చెందిన జెర్బిల్ 1954లో పరిశోధనల నిమిత్తం అమెరికాకు చేరి, క్రమేణా పెంపుడు జంతువుగా వ్యాపించింది. మన చెలకల్లో పంటను కొల్లగొట్టే టటేరా ఇండికా ఎలుక కూడా ఈ ఉపకుటుంబానిదే. రెండింటికీ బొరియే ఇల్లు. అందువల్ల కోళ్ల షెడ్డులో లిట్టరును ఎంచినట్లు తేమను పీల్చే గుణాన్ని మాత్రమే చూస్తే చాలదు. తవ్విన సొరంగం కూలకుండా నిలుస్తుందా అన్నది నేల నిర్మాణాన్ని పరిశీలించినట్లే పరిశీలించాలి.

1997లో వైడెన్‌మేయర్ ప్రచురించిన ప్రయోగాలలో, తవ్వేందుకు పొడి ఇసుక ఉన్నా బొరియ లేని గూళ్లలో పెరిగిన పిల్లలు మూలలను అదే పనిగా గీరే అలవాటుకు లోనయ్యాయి. సొరంగం, గది గల కృత్రిమ బొరియ లభించిన వాటికి ఆ అలవాటు ఏర్పడలేదు. అంటే జంతువుకు కావలసింది తవ్వకం కాదు, ఆశ్రయం. రంగు, సువాసన కలపని కాగితపు పరుపులో ఎండుగడ్డిని కలిపి 20-30 సెం.మీ. మందాన పరిస్తే, వేళ్లు మట్టిని పట్టి ఉంచినట్లు గడ్డిపోచలు సొరంగాన్ని నిలుపుతాయి.

చౌకగా దొరికే పంట వ్యర్థాలన్నీ ఇందుకు పనికిరావు. వరి ఊకలో సిలికా అధికం. గరుకుగా ఉండి దుమ్ము రేపుతుంది, తేమను అంతగా పీల్చదు. మొక్కజొన్న బెండు రవ్వ తేమను పీల్చినా సొరంగాన్ని నిలపదు. కొబ్బరి పొట్టు నీటిని పట్టి ఉంచుతుంది. నారుమడికి వరమైన ఆ గుణమే ఇక్కడ దోషం. గాలిలో తేమ 50 శాతం దాటితే జెర్బిల్ బొచ్చు జిడ్డుబారి అట్టకడుతుంది కనుక కోస్తా జిల్లాల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం. వేరుశనగ పొట్టుతో అఫ్లాటాక్సిన్ ప్రమాదం ఉంది. ఎండబెడితే బూజు పెరుగుదల ఆగవచ్చు గాని, అప్పటికే ఏర్పడిన విషం పోదు.

కలప పొట్టు విషయంలో మూలం తెలియాలి. ఎర్ర సెడార్ పొట్టుపై ఉంచిన ఎలుకలు, చుంచుల కాలేయంలో మందులను విచ్ఛిన్నం చేసే ఎంజైములు పెరుగుతాయని 1967లో వెసెల్ చూపారు. ఆ పరీక్ష జెర్బిల్‌లపై జరిగినది కాదు. అయినా ఘాటైన వాసన గల కలపను వాడకపోవడమే మేలు. వడ్రంగి దుకాణపు పొట్టులో ప్లైవుడ్ జిగురు, వార్నిష్ ధూళి కలిసి ఉండవచ్చు.

జెర్బిల్ ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరికితేనే అరుగుతాయి. ముద్రణ లేని అట్టపెట్టె ముక్కలు, ఎండిన జామ కొమ్మలు ఇందుకు సరిపోతాయి. మల్బరీ కొమ్మలు ఇంకా అనువైనవి. పట్టుపురుగులకు హాని కలుగుతుందన్న భయంతో ఆ తోటల్లో రైతులు పురుగుమందుల పట్ల జాగ్రత్త వహిస్తారు. అయినా చివరిసారి ఏ మందు ఎప్పుడు చల్లారో అడిగి తీసుకోవాలి. పత్తి కట్టె ఎంత విరివిగా దొరికినా, దానిపై పడిన మందుల దృష్ట్యా వద్దు. గన్నేరులో ప్రతి భాగమూ విషమే. ప్లాస్టిక్ ముక్కలు మింగితే పేగుకు అడ్డుపడతాయి. గూటి కోసం వేసే దూది పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి.

ముక్కు చుట్టూ ఎర్రబారి వెంట్రుకలు రాలుతుంటే గరుకు పరుపును, తేమను ముందుగా అనుమానించి, పరుపు మార్చి పశువైద్యునికి చూపించాలి.