తెలుగు వికీపీడియా పేజీ మీ ఫోన్‌లోకి వచ్చే దారి

ఇంటర్నెట్ ఆకాశంలో ఎక్కడో ఉంటుందనుకుంటారు చాలామంది. గుంటూరులో కూర్చుని ఫోన్‌లో తెలుగు వికీపీడియా తెరిచారనుకోండి, గాలిలో సాగేది టవర్ దాకా ఉన్న కాస్త దూరమే. ఆ తర్వాత చాలావరకు కేబులే.

ముందు చిరునామా దొరకాలి. మీరు కొట్టిన te.wikipedia.org అన్న పేరుతో యంత్రాలకు పని లేదు, వాటికి ఐపీ అడ్రస్ అనే అంకెలు కావాలి. అవి వెతికిపెట్టేది డీఎన్‌ఎస్. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన ఈ ఏర్పాటు పేరును చివరి నుంచి చదువుతుంది. చివరనున్న ‘ఆర్గ్’ జాబితా ఎవరి దగ్గరుందని అన్నిటికీ పైనుండే రూట్ సర్వర్‌ను అడుగుతుంది. ఆర్గ్ వాళ్లను వికీపీడియా ఆచూకీ అడుగుతుంది, అక్కడ తెలుగు విభాగం ఎక్కడని అడుగుతుంది. దొరికిన జవాబును కాసేపు దాచుకుంటుంది కనుక ప్రతిసారీ ఇంత తిరుగుడు ఉండదు.

వికీపీడియా ప్రధాన సర్వర్లు అమెరికాలో ఉన్నా, ఆసియా పాఠకుల కోసం పేజీల నకళ్లు సింగపూర్‌లో ఉంచారు. చెన్నై తీరం నుంచి అక్కడికి సముద్రం అడుగున సుమారు 3,000 కి.మీ. ఫైబర్ కేబుల్ ఉంది. గాజుపోగులో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కి.మీ. పోతుంది కాబట్టి, ఆ దారిన రానూపోనూ 30 మిల్లీసెకన్లు చాలు. ముందుగా ఫోనూ సర్వరూ పలకరించుకుని, మధ్యలో ఎవరూ చదవకుండా రహస్య తాళాలు కుదుర్చుకుంటాయి. ఆ తర్వాతే ‘ఫలానా పేజీ ఇవ్వు’ అన్న అసలు మాట.

పేజీ ఒక్క ముద్దగా రాదు, ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా వస్తుంది. ఒక్కో ప్యాకెట్ సాధారణంగా 1,500 బైట్లకు మించదు. ‘తెలుగు’ అన్న మాటలో మూడు అక్షరాలు, మూడు గుణింతపు గుర్తులు. ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున మొత్తం 18. ఇలా పేజీ బరువెక్కుతుంది కనుక కుదించి పంపుతారు. పెళ్లివారు తలో బండిలో బయల్దేరినట్టు ప్యాకెట్లు వేర్వేరు దారులు పట్టవచ్చు, వెనకాముందూ చేరవచ్చు, ఒకటీ అరా దారిలో పోవచ్చు కూడా. వాటిని దారిలో ముందుకు పంపే రౌటర్లు పూచీపడవు. నాకు ఇందులో ముచ్చటగొలిపేది ఇదే: నమ్మకంలేని దారి మీద నమ్మకమైన కబురు. వరుస నంబర్లు చూసి, తగ్గినదాన్ని మళ్లీ తెప్పించుకునేది రెండు చివరలా ఉన్న టీసీపీ అనే ఏర్పాటు.

ఇక బ్రౌజర్ పేజీ పేర్చి చూపిస్తుంది.

సిగ్నల్ నిండుగా ఉండి, వాట్సాప్ వస్తూ, సైట్లు మాత్రం తెరుచుకోకపోతే ముందు డీఎన్‌ఎస్‌ను అనుమానించండి. ఆండ్రాయిడ్ ఫోనైతే సెట్టింగ్స్‌లో ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’ ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూసుకోండి.