సాక్ష్యం ముందు, నినాదం తర్వాత

చిరంజీవి అమ్మాయికి,

అంతర్జాతీయ మానవ హక్కుల పరిశోధకుల పని మూడు మెట్లుగా సాగుతుంది. హింస జరిగిన చోటికి వెళ్లడం మొదటిది. జరిగినదాన్ని రుజువులతో నమోదు చేయడం రెండోది. ఆ రుజువులు పట్టుకుని ప్రభుత్వాల ముందు, న్యాయస్థానాల ముందు నిలబడడం మూడోది. ఈ మూడూ అమెరికన్ చరిత్రకారిణి అలిసన్ డె ఫోర్జ్ జీవితంలో కనిపిస్తాయి.

ఆమె 1942లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. రువాండా రాజు ముసింగా పాలనపై పరిశోధన చేసి 1972లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. హక్కుల పనిలోకి రావడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆ దేశపు చరిత్ర, భాష, పాలనా పద్ధతి ఆమెకు తెలుసు. ఆ తర్వాత చేసిన పనికంతటికీ ఆ చదువే పునాది. హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థలో చేరాక, 1993 జనవరిలో ఒక అంతర్జాతీయ విచారణ బృందంతో రువాండా వెళ్లారు. అక్కడి టుట్సీ తెగవారి హత్యలు అప్పటికే మొదలయ్యాయని ఆ బృందం మార్చిలోనే లోకానికి చెప్పింది. వినవలసినవారు వినలేదు.

1994 ఏప్రిల్ 6 రాత్రి రువాండా అధ్యక్షుడు హబ్యారిమానా విమానం కూలింది, ఊచకోత మొదలైంది. రాజధాని కిగాలీ నుంచి హక్కుల కార్యకర్త మోనిక్ ముజావమరియా, ఇంటింటికీ వస్తున్న సైనికుల గురించి అలిసన్‌కు ఫోన్‌లో చెబుతూ వచ్చారు. చివరికి తన పిల్లలను చూసుకోమని అడిగారు. మోనిక్ ఇంట్లోనే దాక్కుని ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ నెలలోనే ఇద్దరూ వైట్‌హౌస్‌కు వెళ్లి జాతీయ భద్రతా సలహాదారు ఆంథొనీ లేక్‌ను కలిశారు. కానీ ఏప్రిల్ 21న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి రువాండాలోని శాంతిసేనను పెంచకపోగా 270 మందికి కుదించాలని తీర్మానించింది. దాదాపు 100 రోజుల్లో కనీసం 5 లక్షల మంది టుట్సీలు హతమయ్యారని అలిసన్ లెక్క.

తర్వాత ఏళ్ల తరబడి సాగిన దర్యాప్తు 1999లో దాదాపు 800 పేజీల గ్రంథంగా వెలువడింది. బతికినవారి మాటలే కాదు, బుటారే ప్రాంతపు కార్యాలయాల్లో మిగిలిన ఉత్తరాలు, సమావేశాల నమోదులు కూడా అందులో సాక్ష్యాలయ్యాయి. ఆ రోజుల అధికార భాషలో చంపడాన్ని ‘పని’ అన్నారు, కత్తులను ‘పనిముట్లు’ అన్నారు. కోపం ఆపుకోలేక చేసిన హత్యలని చెప్పుకున్నవి, పైనుంచి కింది దాకా ఉత్తర్వులతో నడిచిన పథకమని ఆ కాగితాలే పట్టిచ్చాయి.

ఈ నేరాల విచారణకు టాంజానియాలోని అరుషాలో ఏర్పడిన అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆమె 11 కేసుల్లో నిపుణ సాక్షిగా నిలిచారు. రువాండాలోని టాబా మేయర్ అకయేసు కేసు వాటిలో ఒకటి. విచారణ జరిపి జాతి నిర్మూలన నేరాన్ని నిర్ధారించిన తొలి అంతర్జాతీయ తీర్పు అది, తేదీ 1998 సెప్టెంబర్ 2. అలాంటి న్యాయస్థానాల్లో ప్రతి మాటనూ ప్రతివాది న్యాయవాదులు తరచి చూస్తారు. అందుకే పరిశోధకులు సాక్షి కళ్లారా చూసిందేది, విన్నదేది అని విడదీసి రాస్తారు. ఒకరి మాటను మరొకరి మాటతో, కాగితంతో సరిచూస్తారు. సాక్షికి ముప్పు ఉంటే పేరు దాస్తారు. నెరవేర్చలేని హామీ ఇవ్వరు.

ఊచకోతను ఆపి అధికారంలోకి వచ్చిన రువాండా పేట్రియాటిక్ ఫ్రంట్ బలగాల హత్యలనూ ఆమె అదే తూకంతో నమోదు చేశారు. ఫలితంగా 2008లో ఆ దేశంలోకి ఆమెకు రెండుసార్లు ప్రవేశం నిరాకరించారు. ప్రాణం పెట్టి చదివిన దేశపు తలుపు మూసుకున్నా మాట మార్చలేదు. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర విమాన ప్రమాదంలో మరణించారు.

ఈ వృత్తికి రాదలచినవారు ముందుగా ఒక దేశాన్నీ దాని భాషనూ ఏళ్లకేళ్లు ఓపికగా చదవాలి. గట్టిగా మాట్లాడే అర్హత ఆ చదువు నుంచే వస్తుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న