ఫీజు లేని బడి

అక్కలారా! ఈనాడు సర్కారు బడిలో ఫీజు లేదు. పుస్తకాలు ఊరికే ఇస్తారు. ఒకప్పుడు ఇలా లేదు. కలిగినవాళ్ళ పిల్లలకే చదువు. అందులోనూ ఆడపిల్లకు చదువెందుకు అనేవారు. అలాంటి రోజుల్లో అమెరికాలో పేద ఆడపిల్లల కోసం ఒక బడి పుట్టింది. దాని కథ చదువుదాం.

ఆ బడి పెట్టినామె ఎలిజబెత్ సీటన్. 1774లో న్యూయార్క్‌లో పుట్టింది. భర్త విలియం వ్యాపారి. ఐదుగురు పిల్లలు. వ్యాపారం దెబ్బతింది. భర్తకు క్షయ జబ్బు పట్టుకుంది. 1803లో ఆయన చనిపోయాడు. అప్పటికి ఆమెకు 29 ఏళ్ళు. పెద్దపిల్లకు ఎనిమిదేళ్ళు.

ఇల్లెలా గడవాలి? చేతిలో డబ్బు లేదు. కానీ చదువు ఉంది. ఆ చదువే అక్కరకొచ్చింది. పిల్లలకు పాఠాలు చెప్పసాగింది. 1805లో ఆమె కథోలిక మతంలో చేరింది. అది చుట్టాల్లో చాలామందికి గిట్టలేదు. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు.

1808లో బాల్టిమోర్ నగరంలో ఆడపిల్లల బడి పెట్టింది. మరుసటి ఏడు ఎమిట్స్‌బర్గ్ అనే చిన్న ఊరికి వెళ్ళింది. మరికొందరు స్త్రీలు ఆమెతో కలిసి సిస్టర్లయ్యారు.

1810 ఫిబ్రవరి 22న అక్కడ బడి తెరిచారు. ఆ ఊరి విచారణలోని పేద ఆడపిల్లలు వచ్చారు. విచారణ అంటే ఒక చర్చి కింద ఉండే ప్రాంతం. చదవడం, రాయడం, లెక్కలు, కుట్టుపని నేర్పారు. ఫీజు లేదు.

మరి బడి ఖర్చు ఎలా? అదే ఏడాది మే నెలలో కలిగినవాళ్ళ ఆడపిల్లల్ని హాస్టల్లో చేర్చుకున్నారు. వాళ్ళు ఫీజు కట్టారు. ఆ డబ్బు పేదపిల్లల చదువుకు ఆసరా అయింది.

కష్టాలు ఆమెను వదల్లేదు. 1812లో పెద్దకూతురు, 1816లో చిన్నకూతురు చనిపోయారు. కడుపుకోత దిగమింగి ఆమె బడి నడిపింది. 1821లో, 46 ఏళ్ళకే కన్నుమూసింది. బడి మాత్రం ఆగలేదు. ఇలాంటి బడులు ఇంకా వచ్చాయి. 1884లో అమెరికా బిషప్పులు సమావేశమయ్యారు. ప్రతి విచారణలో ఒక బడి ఉండాలని తీర్మానించారు. 1975లో పోపు ఎలిజబెత్‌ను పునీతురాలిగా ప్రకటించారు.

చూశారా అక్కా! డబ్బు పోయింది. తోడు పోయింది. నేర్చుకున్న చదువు మాత్రం పోలేదు. అది ఆమె పిల్లలకు అన్నం పెట్టింది. ఊరి పిల్లలకు అక్షరం పెట్టింది. మీ అమ్మాయిని బడి మాన్పించే ముందు ఈ మాట గుర్తు తెచ్చుకోండి.

చెప్పండి :
1. భర్త పోయాక ఎలిజబెత్‌కు ఏది ఆసరా అయింది?
2. పేదపిల్లల చదువుకు డబ్బు ఎలా వచ్చింది?
3. మీ వీధిలో బడి మానేసిన ఆడపిల్లలు ఉన్నారా? వాళ్ళ పేర్లు రాయండి. తిరిగి బడికి పంపాలంటే మనమేం చెయ్యాలి?