పాత రేసు సైకిలు

పాత రేసు సైకిలు కొన్నవారికి దానిని మరింత వేగంగా నడపాలనే కోరిక కలగడం సహజం. కాని కొత్త భాగాలకు డబ్బు వెచ్చించడానికి ముందు, ఈ సైకిలు కావలసినచోట ఆగుతుందా అని ఆలోచించాలి.

మొదట ఫ్రేమును శుభ్రంగా తుడిచి, గొట్టాలు కలిసేచోట్ల పగుళ్లు ఉన్నాయేమో పరిశీలించాలి. పగులు ఉంటే అది బాగయ్యేవరకు సైకిలు ఎక్కరాదు.

తరువాత గొలుసును కొలవాలి. 24 లంకెల పొడవు కొత్తలో 12 అంగుళాలు ఉంటుంది. కీళ్లు అరిగేకొద్దీ ఆ పొడవు పెరుగుతుంది. అంగుళంలో పదహారో వంతు పెరిగినప్పుడే గొలుసు మార్చితే పళ్లచక్రాలు నిలుస్తాయి. ఎనిమిదో వంతు పెరిగేదాకా ఉపేక్షిస్తే సాధారణంగా వాటినీ మార్చవలసి వస్తుంది.

1970ల నాటి అనేక సైకిళ్లకు ఉక్కు రిమ్ములు ఉండేవి. వానలో తడిసిన ఉక్కు రిమ్ముపై బ్రేకు రబ్బరు జారుతుంది. అల్యూమినియం రిమ్ముపై మెరుగ్గా పట్టుకుంటుంది. అందుచేత రిమ్ములు మార్చడం మేలు. అయితే టైరు కూర్చునేచోట ఆనాటి 27 అంగుళాల రిమ్ము వ్యాసం 630 మి.మీ.; నేటి రేసు సైకిలు రిమ్ము వ్యాసం 622 మి.మీ. కనుక బ్రేకు రబ్బర్లు ఇరుసు వైపు 4 మి.మీ. జరగాలి. అవి అంతదూరం అందకపోతే కొత్త చక్రం కొన్నా ఫలితం ఉండదు. ముందుగా కొలిచి, ఆ తరువాతనే కొనాలి.

ఆగగలిగిన సైకిలుకే వేగం శోభ.

ప్రశ్నలు
1. గొలుసును సకాలంలో ఎందుకు మార్చాలి?
2. కొత్త రిమ్ములు కొనేముందు ఏమి కొలవాలి? ఎందుకు?