సంఘపు లెక్కలను బ్రౌజరు ద్వారా పంపుట

సభ్యుల అప్పుల పట్టికను బ్రౌజరు ద్వారా బ్యాంకునకు పంపుటకు ముందు చిరునామాపై నొక్కి, ‘హెచ్.టి.టి.పి.ఎస్.’ అని యున్నదో లేదో చూడవలెను. ఉన్నచో దస్త్రము త్రోవలో గూఢలిపిగా మారి పోవును. 2018లో ప్రకటింపబడిన టి.ఎల్.ఎస్. 1.3 అను పద్ధతి ఇందుకు వాడుకలో నున్నది.

అయితే గోనె మూతి కుట్టినంతమాత్రమున దారిలో గింజ రాలదేగాని, బండి ఎవరి గాదెకు చేరునో కుట్టు చెప్పదు. ఆ అక్షరములు మోసగాండ్రకును సులభముగా దొరకును. తాళపు గుర్తును జనులు నమ్మకపు ముద్రగా భ్రమించుచున్నారనియే క్రోము బ్రౌజరువారు 2023లో దానిని మార్చిరి. మేమును ఒకపరి తాళమునే చూచి, ఒక్క అక్షరము తేడాగల చిరునామాకు నలువదిమంది ఖాతాలను పంపితిమి. ఆ రాత్రి మాకు నిద్ర లేదు.

కావున చిరునామాను కూడబలుకుకొని చదువుడు. దస్త్రమునకు సంకేతపదము పెట్టి, దానిని వేరుగా, ముందే ఎరిగిన నంబరునకు ఫోనుచేసి చెప్పుడు. కంప్యూటరు పదిమందిదైనచో, లేచుటకు ముందు ఖాతానుండి వెలుపలికి రండు.