సోమవారం స్టాండప్ కోసం మంచుతో పందెం వద్దు

అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటూ మంచు చూడాలంటే ఉత్తరానికి కారు తీయాల్సిందే. క్రిస్మస్ వారం సెలవులు దొరకగానే మనందరం చేసే పని అదే. 2022 డిసెంబర్ 26న అలాగే ఇక్కడి నుంచి మొగొయాన్ రిమ్ మీదున్న వుడ్స్ కేనియన్ లేక్‌కి వెళ్లిన తెలుగువాళ్లు ముగ్గురు, గడ్డకట్టిన చెరువు మీద నడుస్తుండగా మంచు విరిగి నీళ్లలో పడి చనిపోయారు. ఒకామెను త్వరగానే బయటికి తీసినా బతికించలేకపోయారు. మిగతా ఇద్దరి మృతదేహాలు మర్నాడు దొరికాయి. వాళ్లు సాహసాలకి వెళ్లలేదు. మనం వెళ్లినట్టే సెలవు రోజున వెళ్లారు.

అరిజోనా చలి నికరమైన చలి కాదు. నాలుగు రోజులు గడ్డకట్టిస్తుంది, ఐదో రోజు కరిగిస్తుంది. పైన మంచు కప్పి ఉంటే కింద గడ్డ ఎంత మందం ఉందో కనిపించదు. ఇక్కడి చెరువుల విషయంలో కొలతలూ లెక్కలూ పెట్టుకోకండి, అసలు అడుగే పెట్టకండి. ఎవరైనా పడితే మీరు పరిగెత్తుకెళ్లవద్దు. 911కి ఫోన్ చేసి, గట్టు మీద నుంచే తాడో కొమ్మో అందించండి. పడినవాళ్లు తాము వచ్చిన వైపుకే తిరిగి, కాళ్లు కొట్టుకుంటూ గడ్డ మీదికి పాకి, లేచి నిలబడకుండా దొర్లుకుంటూ రావాలి.

కొన్నేళ్లు ఇక్కడున్నాక మనలో కొందరికి స్లెడ్డింగ్ చాలదనిపిస్తుంది. స్నోషూలు కొని, ఫ్లాగ్‌స్టాఫ్ పక్కన శాన్ ఫ్రాన్సిస్కో పీక్స్ ఎక్కుతారు. అక్కడ భయం మంచు చరియలది, అంటే అవలాంచ్‌లది. వెచ్చటి తుఫాను వచ్చినప్పుడు ఆ భయం రెట్టింపవుతుంది. పసిఫిక్ నుంచి తేమతో వచ్చే ఇలాంటి తుఫానులో 7,000 అడుగుల ఫ్లాగ్‌స్టాఫ్‌లో వాన పడుతుంటే, 12,633 అడుగుల హంఫ్రీస్ పీక్ వైపు తడిసిన బరువైన మంచు పేరుకుంటుంది. చలిగా మొదలై మధ్యలో వెచ్చబడ్డ తుఫాను మరీ చెడ్డది. కింద తేలికైన పొడి మంచు, పైన దాన్ని నొక్కే బరువు. దాని మీద వాన పడితే బరువు పెరుగుతుందే గానీ పట్టు పెరగదు. పైగా నీళ్లు లోపలికి దిగి పొరల మధ్య అతుకు వదిలిస్తాయి. చలి తగ్గింది కదా, హాయిగా ఉంది కదా అని మనం బయల్దేరేది సరిగ్గా అప్పుడే.

చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో జారతాయి. ప్రాణాలు తీసినవాటిలో చాలా భాగం, దాదాపు 90 శాతం, చిక్కుకున్నవాళ్లో వాళ్ల వెంట ఉన్నవాళ్లో కదిలించినవే. మీరు చదును నేల మీద ఉన్నా, పైన నిటారు వాలు ఉంటే అది మీ మీదికే వస్తుంది. కూరుకుపోయినవాళ్లని 10, 15 నిమిషాల్లో తవ్వి తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది, ఆ తర్వాత వేగంగా పడిపోతుంది. హెలికాప్టర్ అంతలో రాదు. అందుకే ప్రతి ఒక్కరి దగ్గరా జాడ తెలిపే బీకన్, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్, పార ఉండాలి, వాడటం ముందే నేర్చుకుని ఉండాలి. గ్రూపులో ఒక్కరికే బీకన్ ఉంటే లేనట్టే లెక్క.

ఒక కేసు అనుకుందాం. గురు, శుక్రవారాలు తుఫాను, శనివారం తేటగా ఎండ. ఐదుగురికీ ఒకేసారి పీటీవో దొరికింది. క్యాబిన్ అద్దె వెనక్కి రాదు. ఒకాయనకి సోమవారం నుంచి ఆన్-కాల్. కొండ దగ్గరికి వెళ్లాక ఈ ఐదుగురిలో 'వద్దు' అనేదెవరు? ఎవరూ అనరు. తుఫాను ఆగాక ఒకటి రెండు రోజులు ప్రమాదం అలాగే ఉంటుందని తెలిసినవాడు కూడా నోరు మెదపడు. ప్రొడక్షన్ రిలీజ్‌కి గో, నో-గో కాల్ ముందే పెట్టుకుంటాం కదా, దీనికీ అంతే. శుక్రవారం రాత్రి చాండ్లర్‌లో ఉండగానే తేల్చుకోండి. నేషనల్ వెదర్ సర్వీస్ ఫ్లాగ్‌స్టాఫ్ ఆఫీసు సూచన, కచీనా పీక్స్ అవలాంచ్ సెంటర్ ఇచ్చే మంచు పొరల సమాచారం చదవండి. ఒక్కరు వద్దన్నా ప్లాన్ మారాలి, కారణం అడగకూడదు. మారిన ప్లాన్ కూడా ముందే ఉండాలి: పైన నిటారు వాలు లేని చదును దారి, లేదా స్కీ పెట్రోల్ కనిపెట్టుకుని ఉండే స్నోబౌల్ స్కీ రిసార్ట్ హద్దులు. ఆ హద్దు తాడు దాటితే పూచీ మీదే.

మేనేజర్‌తో మాట కూడా ముందే అయిపోవాలి. తుఫానులో ఐ-17 మూసేయడం కొత్తేమీ కాదు. 'దారి మూస్తే సోమవారం రాలేను' అని వెళ్లే ముందు చెబితే అది ప్లానింగ్, సోమవారం పొద్దున చెబితే అది సాకు. ఆన్-కాల్ ఉంటే ఎవరితోనైనా మార్చుకోండి. స్టాండప్ అందుకోవాలని చీకట్లో కొండ దిగినవాడికి ఏ అప్రైజల్‌లోనూ మార్కులు పడవు.

ఇంకొకటి, మనం మాట్లాడటానికి ఇష్టపడనిది. హెచ్-4 స్టేటస్ హెచ్-1బి మీదే నిలబడి ఉంటుంది. ఆ హెచ్-1బి ఉన్న మనిషి లేకపోతే ఇంట్లోవాళ్లకి దుఃఖంతో పాటు వీసా చిక్కూ వస్తుంది. కంపెనీ లైఫ్ ఇన్సూరెన్స్ మామూలుగా ఉద్యోగంతోనే పోతుంది, కాబట్టి సొంత టర్మ్ పాలసీ తీసుకోండి. బ్యాక్‌కంట్రీకి వెళ్తున్నట్టు అప్లికేషన్‌లో దాచకండి, క్లెయిమ్ దగ్గర తిరగబడుతుంది. బెనిఫిషియరీగా పెళ్లికి ముందు రాసిన నాన్నగారి పేరే ఉందేమో ఈ వారంలోనే చూసుకోండి.

వెళ్లేటప్పుడు ఏ ట్రెయిల్, ఏ కారు, ఎన్నింటికి తిరుగు మెసేజ్, అది రాకపోతే ఎన్నింటికి కొకొనినో కౌంటీ షెరిఫ్ ఆఫీసుకి ఫోన్ చేయాలి, ఈ నాలుగూ రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి.